పల్లెఠాణాకు యంత్రమేల?

కంప్యూటరు నగరములకే గాని పల్లెఠాణాలకు తగదనువారు నేటికిని మన నడుమ కలరు. కర్నూలు, కడప జిల్లాలలో ముఠాకక్షలు మిక్కుటములు గనుక పోలీసులకు జీపులును తుపాకులును కావలయును గాని యంత్రములేల యని వారి ప్రశ్న. ఈ వాదము మాకు తలక్రిందుగా తోచుచున్నది.

కక్షలున్న గ్రామమున కొట్లాట జరిగినంతనే ఇరుపక్షములవారును ఠాణాకు పరుగెత్తుదురు. ఎవరి ఫిర్యాదు ముందుగా, ఏ గంటకు నమోదయినదో, మొదటి కాగితమున ఎవరి పేర్లుండెనో, పిదప ఎవరివి చేరెనో, కేసునకును ఎదురుకేసునకును ప్రాణమంతయు నిందే యున్నది. చేతివ్రాత పుస్తకమున నొక పంక్తి ఖాళీగా విడిచిన చాలును, నేటి మాట నిన్నటిదగును. యంత్రము తానే గంట వేసి, సంఖ్య నిచ్చి, ప్రతిని ఠాణా వెలుపలికి పంపినచో దిద్దుట కష్టము. దిద్దినను జాడ మిగులును. ఈ పని జీపు చేయజాలదు.

ఇక వ్యయమందురు. 2008 నాటి ముంబయి దాడుల పిమ్మట, 2009లో కేంద్రప్రభుత్వము దేశమందలి ఠాణాల నన్నిటిని యంత్రములతో కలుపుటకై రెండువేల కోట్ల రూపాయల పథకమును మంజూరు చేసెను. అంతకు ముందే ప్రభుత్వ సంస్థయైన ఎన్.ఐ.సి. లైనక్సుపై నడచు సీపా యను పోలీసు సాధనమును సిద్ధపరచియుండెను. ఫ్రాన్సు పల్లెలను కాచు జెండార్మెరీ దళము 2005లో ఓపెనాఫీసును, 2008 మొదలు ఉబుంటును చేపట్టి వేలకొలది యంత్రములను దానికి మార్చినది. అనుమతి రుసుము లేని ఇట్టి సాధనము ధనిక దేశమునకు పనికిరాగా ఆలూరునకు, జమ్మలమడుగునకు పనికిరాదా? పాతయంత్రము సయితము దీనిపై చక్కగా నడచును. అసలు ఖర్చు యంత్రమున లేదు. కరెంటు పోయినపుడు నిలుపు బ్యాటరీలో, సిరాలో, కాగితములో నున్నది. ఫిర్యాదికే కాగితము కొనితెమ్మను ఠాణాల మాట వినుట మనకు క్రొత్త కాదు.

అంతకంటె పెద్దలోపము భాష. ఫిర్యాదును వ్రాసికొని చెప్పినవారికి చదివి వినిపింపవలెనని చట్టము. తెలుగులిపి 1991లోనే యూనికోడున చేరినది. అయినను ఆంగ్లపు మీటలు తెలిసిన కానిస్టేబు లొక్కడే యుండి, అతడు సెలవుపై నేగిన దినమున యంత్రముపై గుడ్డ కప్పబడినచో, ఆ తప్పు యంత్రముది గాదు. రైటరునకు తెలుగు మీటలు నేర్పుటకు కొలది వారములు చాలును.

యంత్రము వచ్చిన మాత్రమున న్యాయము వచ్చునని మేమనము. నోటిమాటతో వెడలగొట్టబడిన ఫిర్యాదును ఏ యంత్రమును ఎరుగదు. అందులకే 2024 జూలై 1 నుండి అమలైన నాగరిక సురక్షా సంహిత, ఫిర్యాదును ఇంటినుండియే విద్యున్మార్గమున పంపనిచ్చుచున్నది. మూడు దినములలో సంతకము చేయవలెను. 2016లో సుప్రీంకోర్టు ప్రథమ సమాచార నివేదికలను ఇరువదినాలుగు గంటలలో అంతర్జాలమున నుంచుమని ఆదేశించి, స్త్రీలపై జరిగిన లైంగిక నేరములవంటి వానిని మినహాయించెను. ఇవి మన ఇండ్లలో నెందరికి తెలియును?

నివేదికప్రతిని ఫిర్యాదికి ఉచితముగా నీయవలెననియు చట్టమే చెప్పుచున్నది. చదువరులారా, మీ యూరి ఠాణా కేగిన స్త్రీకి ఆ ప్రతి తెలుగులో, ఆ పూటనే, గంటయు సంఖ్యయు వేయబడి చేతికందినదా? అందనియెడల ఏల అందలేదో వ్రాతమూలకముగా జిల్లా పోలీసు అధికారి నడుగుడు.