బీరువాలో సెంటు సీసా

మా పుట్టిల్లు జక్రాన్‌పల్లి. తమ్ముడు దుబాయిలో పనికి వెళ్లి తొమ్మిదేళ్లయింది. రెండేళ్లకోసారి సెలవుకు వచ్చినప్పుడు వాడి పెట్టెలో ఖర్జూరాలు, పాలపొడి డబ్బా, టైగర్ బామ్‌తో పాటు సెంటు సీసాలు తప్పకుండా ఉంటాయి. వాడొక్కడే కాదు, ఆర్మూర్, బోధన్ చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషిని పంపిన ఏ ఇంట్లో చూసినా ఇంతే. మగవాళ్లు పెళ్లికో పండక్కో చొక్కాల మీద కొట్టుకుంటారు. ఆడవాళ్ల సీసాలు మాత్రం పట్టుచీరల పక్కన బీరువాలో పడుకుంటాయి.

పోయిన ఎండాకాలం మా మరదలు బీరువా సర్దుతుంటే ఆరు సీసాలు బయటపడ్డాయి. రెండింటి రంగు ముదిరిపోయింది, మూత తీస్తే పులిసిన వాసన. ఒక్కో సీసాకూ వాడు రెండు మూడు రోజుల కూలి పెట్టి ఉంటాడు. "ఎందుకు వాడలేదే?" అని అడిగాను.

"మీ తమ్ముడు ఇంట్ల ఉన్నప్పుడు కొట్టుకుంటే ఎవరేమనరు వదినా. ఆయన దుబాయిల ఉంటే ఈమె ఎవరికోసం కొట్టుకుంటున్నది అంటరు" అంది. అన్నది ఊళ్లో వాళ్లెవరో కాదు, మా అమ్మేనట.

ఆ పిల్ల రోజంతా బీడీలు చుడుతుంది. తంబాకు వాసన చేతులకూ జాకెట్టుకూ పట్టుకుని స్నానం చేసినా వదలదు. ఎవరికోసం అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. తలలో మల్లెపూలు పెట్టుకుంటే, తలంటుకుని సాంబ్రాణి పొగ వేసుకుంటే, పెళ్లిలో పన్నీరు చల్లి గంధం పూస్తే ఎవరికోసం అని ఎవరూ అడగరు. (అదైనా భర్త ఉన్నవాళ్ల వరకే. లేనివాళ్ల తలలో నుంచి మనం ముందుగా తీయించేది పూలే కదా.) వాసన సీసాలోంచి వస్తే మాత్రం అనుమానం ఎందుకు?

ఈ మాట ఆమెతో గట్టిగా అనలేకపోయాను. ఎందుకంటే నా సీసా కూడా నిజామాబాద్‌లో నా బీరువాలోనే ఉంది, కారణం వేరు. నేను టీచర్‌ని. తమ్ముడు మొదటిసారి ఇచ్చిన సెంటును బాడీ స్ప్రే కొట్టుకున్నట్టు ఆరేడుసార్లు కొట్టుకుని బడికి వెళ్లాను. బస్సులో పక్కావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. స్టాఫ్ రూములో తోటి టీచర్‌కు తలనొప్పి మొదలై కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంది. "ఏమీ అనుకోకండి, ఘాటు పడదు నాకు" అని నెమ్మదిగానే చెప్పింది. నాకు సిగ్గేసింది. ఆ రోజు లోపల పెట్టిన సీసా మళ్లీ తీయలేదు.

తప్పు సెంటుది కాదని చాలా రోజులకు తెలిసింది. సీసా మీద చిన్న అక్షరాల్లో రాసిన మాట నేను చదవలేదు. సెంటులో ఉండేవి వాసననిచ్చే తైలాలు, వాటిని కరిగించే ఆల్కహాలు, కాసిన్ని నీళ్లు. తైలం పాలు ఎంత అన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. 'పర్ఫ్యూమ్' అని మాత్రమే రాసి ఉంటే సుమారు 20 నుంచి 30 శాతం తైలం, ఉదయం రాసుకుంటే సాయంత్రం దాకా ఉంటుంది. 'ఓ డి పర్ఫ్యూమ్' అయితే 15 నుంచి 20 శాతం, నాలుగైదు గంటలు. 'ఓ డి టాయిలెట్' 5 నుంచి 15, రెండు మూడు గంటలు. 'కొలోన్' అయితే 2 నుంచి 4 శాతమే. ఇవి చట్టం రాసిన లెక్కలు కావు, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. నేను ఆరేడుసార్లు కొట్టుకున్నది ఓ డి పర్ఫ్యూమ్. దానికి రెండు చుక్కలు చాలు.

టాయిలెట్ అన్న మాట చూసి మా పిన్ని ఒక మంచి సీసాను బాత్‌రూములో పెట్టి గోడలకు కొట్టింది! ఫ్రెంచి భాషలో ఆ మాటకు ముస్తాబు అని అర్థం. నవ్వకండి, సీసా మీద ఏం రాశారో మనకెవరు చెప్పారు గనుక? కొలోన్ మాత్రం మనకు కొత్తది కాదు. చిన్నప్పుడు జ్వరమొస్తే గుడ్డ తడిపి నుదుటి మీద వేసిన ఓడికొలోన్ అదే. జర్మనీలోని కొలోన్ నగరంలో 1709లో ఫరీనా అనే ఇటలీ ఆయన పెట్టిన వ్యాపారం నుంచి ఆ పేరు వచ్చింది.

ఘాటు ఎక్కువైతే సరుకు మంచిదని మనకొక నమ్మకం. నేను ఒప్పుకోను. శాతం చెప్పేది తైలం ఎంత ఉందనే గానీ ఆ తైలం ఎలాంటిదో కాదు. నిమ్మ, నారింజ వాసనలు ఎంత పోసినా త్వరగా ఎగిరిపోతాయి. గంధం, ఊద్ కొంచెమే ఉన్నా పట్టుకుని కూర్చుంటాయి. దుకాణంలో మూత తీయగానే గుప్పుమన్నది చూసి కొంటే మోసపోయేది అందుకే. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని కూరగాయలు కొనుక్కుని అరగంట తర్వాత వాసన చూడండి, అసలు మాట అప్పుడు చెబుతుంది. దురద పుట్టేదీ లేనిదీ కూడా రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది.

అత్తరు సంగతి వేరు. అందులో ఆల్కహాలు ఉండదు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో రాగి డేగల్లో పూలను నీళ్లతో ఉడికించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దించుతారు. గంధం ధర మండిపోయాక చాలామంది వేరే నూనెలు వాడుతున్నారు, అందుకే చార్మినార్ దగ్గర ఒకే గులాబీ అత్తరు తులం ఒక దుకాణంలో ఒక ధర, పక్క దుకాణంలో ఇంకో ధర. అత్తరు దూరం పోదు, ఒంటి దగ్గరే ఉంటుంది. చెవి వెనక ఒక్క చుక్క చాలు. పట్టుచీరకు తగిలితే మాత్రం నూనె మరక పోదు.

ఇంకో చిక్కుంది. బోధన్‌లో మా మేనత్త శక్కర్‌నగర్‌లో ఉండేది. నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో అక్కడ బస్సు దిగగానే మడ్డి వాసన మాకు గుప్పున కొట్టేది. "ఏం వాసనే? నాకేం రాదు" అనేది అత్త. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది, అత్త మాట మాత్రం నాకు గుర్తుండిపోయింది. మన ఒంటి మీది సెంటు కూడా అంతే. పావుగంటకు మన ముక్కు అలవాటు పడి వాసన రావడం మానేస్తుంది. పోయిందనుకుని మళ్లీ కొట్టుకుంటాం. పక్కవాళ్లకు అది రెట్టింపు.

కాబట్టి నేను ఇప్పుడు చూసేది ధర కాదు, ఆ రోజు ఎక్కడ కూర్చోబోతున్నాను అన్నది. బడికి, బస్సుకు, ఆసుపత్రికి కొలోన్ లేదా ఓ డి టాయిలెట్, ఒకటి రెండుసార్లు. ఆయాసం, తలనొప్పి ఉన్నవాళ్ల దగ్గరికైతే అదీ లేదు. చలికాలం రాత్రి ఆరుబయట పెళ్లికి ఓ డి పర్ఫ్యూమ్. మన ఎండల్లో ఏ సెంటైనా త్వరగా ఎగురుతుంది, ముందుగా ఘాటుగా కొడుతుంది కూడా. నిమ్మజాతి తైలాలున్నది మెడకు రాసుకుని ఎండలోకి వెళితే కొందరికి నల్లమచ్చలు వస్తాయి, లోపలి లంగా అంచుకో, రుమాలుకో కొట్టుకోవడం మేలు. సీసాను ఎండ, వేడి తగలని చోట పెట్టాలి. కానీ చల్లగా ఉందని ఏళ్ల తరబడి బీరువాలో దాస్తే ఏమవుతుందో మా మరదలి సీసాలు చెప్పాయి కదా.

మిగిలిన నాలుగింటిలో ఒకటి ఓ డి టాయిలెట్, తేలికైన నిమ్మపూల వాసన. సాయంత్రం బీడీల చాట పక్కన పెట్టి స్నానం చేశాక, మరదలు జాకెట్టు మెడ దగ్గర రెండుసార్లు కొట్టుకుంటోంది. అమ్మ ఇంకా మొహం ముడుస్తూనే ఉంది. పక్కింటావిడ ఏదో అడగబోతే మాత్రం "దినమంత తంబాకుల కూసుంటది, నీకేం కష్టమైంది?" అందట.

మొన్న తమ్ముడు ఫోన్ చేసి ఈసారి ఏం తేవాలని అడిగాడు. మరదలు సీసా చేతిలో పట్టుకుని, దాని మీది అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదివి వినిపించింది. "గిదే రాసి ఉండాలె. పెద్దది వద్దు, చిన్న సీసా" అంది.