పదిలో పడే పాట్లు ఎనిమిదిలో పడితే...

సంక్రాంతి సెలవులు ముగిశాయంటే హైస్కూళ్లలో పదో తరగతి గది తీరే మారిపోతుంది. మిగతా పిల్లల కంటే గంట ముందే వాళ్లు బెంచీల మీద ఉంటారు. బడి వదిలాక మళ్లీ చదువు. మధ్యలో ఉడకబెట్టిన శనగలో, పల్లీపట్టీయో. వెనుకబడిన పిల్లలను ఉపాధ్యాయులు తలా ఐదారుగురిని దత్తత తీసుకుంటారు. రాత్రిళ్లు ఫోన్ చేసి, చదువుతున్నారో పడుకున్నారో కనుక్కుంటారు. హెడ్మాస్టరు దగ్గర స్లిప్ టెస్టు మార్కుల పట్టిక, ఎంఈవో దగ్గర మండలం పట్టిక, కలెక్టరు సమీక్షలో జిల్లా పట్టిక.

అదే వరండాలో రెండు గదుల అవతల ఎనిమిదో తరగతి ఉంటుంది. వాళ్ల లెక్కల సారు పదో తరగతికి రివిజన్ చేయించడానికి వెళ్లారు. పిల్లలు గైడు చూసి నోట్సు ఎత్తి రాసుకుంటున్నారు. ఆ గది సంగతి ఏ సమీక్షలోనూ ఎవరూ అడగరు. మన సెకండరీ విద్యలో అసలు లోపం ఈ రెండు గదుల మధ్యే ఉంది.

ఫలితాలు చూస్తే పదో తరగతి మీద పడుతున్న కష్టం వృథా పోవడం లేదనే అనిపిస్తుంది. 2024లో పదో తరగతి రెగ్యులర్ విద్యార్థుల్లో తెలంగాణలో 91.31 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 86.69 శాతం పాసయ్యారు. వాళ్లలో ఎక్కువమంది మరుసటి ఏడాది ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్ష రాశారు. 2025లో ఆ ఫలితం తెలంగాణలో 66.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 70 శాతం. పదిలో పాసైన వాళ్లలో కొందరు పాలిటెక్నిక్‌కు, ఐటీఐకి వెళ్తారు కాబట్టి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి తూచలేం. ఇంటర్ సిలబస్ బరువు, కొత్త కాలేజీ, హాస్టల్ బెంగ వంటివీ లెక్కలోకి తీసుకోవాలి. అవన్నీ తీసేసినా, పన్నెండు నెలల్లో ఇంత తేడా రావడానికి పిల్లల బద్ధకం ఒక్కటే కారణమంటే నమ్మడం కష్టం. పదో తరగతి సర్టిఫికెట్ చెప్పిన చదువు, ఆ పిల్లల దగ్గర నిజంగా ఉన్న చదువు ఒకటి కావని ఈ తేడా చెబుతోంది.

ఎలా పాసవుతున్నారో టీచర్లకు తెలియనిది కాదు. చివరి రెండు నెలల్లో వెనుకబడిన పిల్లవాడికి బీజగణితం మొదటి నుంచి నేర్పడం ఎవరివల్లా కాదు. అందుకే లెక్కల్లో గ్రాఫు, నిర్మాణం, సాంఘికంలో మ్యాపు, సైన్సులో నాలుగు పటాలు, ఖాయంగా వచ్చే పది ప్రశ్నలు చేయిస్తారు. ముప్పై అయిదు మార్కులు వస్తాయి. ఆ రెండు నెలలకు అంతకంటే మంచి పద్ధతి లేదు కూడా. కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డకు పది పాసైన కాగితం చిన్న విషయం కాదు కనుక ఆ శ్రమను తక్కువ చేయలేం. అయితే ఆ శ్రమ అవసరం పడిందంటేనే, దానికి ముందు గడిచిన మూడేళ్లలో పని జరగలేదని అర్థం.

ఆ ఏళ్లలో ఏం జరుగుతోందో చూడాలంటే ఎనిమిదో తరగతి గదిలో ఒక చిన్న లెక్క ఇచ్చి చూడండి. ఒక సంఖ్యలో సగం, అదే సంఖ్యలో పావు కలిపితే 9 వచ్చింది. ఆ సంఖ్య ఎంత? ఏకచరరాశి సమీకరణాల పాఠంలో ఇలాంటివి బోలెడు. జవాబు 12. చాలా నోట్సుల్లో మాత్రం 27 కనిపిస్తుంది. టీచరు ఎర్ర పెన్నుతో తప్పు పెట్టి, సరైన జవాబు బోర్డు మీద రాసి, తర్వాతి లెక్కకు వెళ్తారు. పిల్ల ఆ జవాబును ఎత్తి రాసుకుంటుంది.

ఆ 27 ఎక్కడి నుంచి వచ్చింది? సమీకరణం ఆ అమ్మాయికి వచ్చు. లెక్కను సమీకరణంగా రాసింది, పక్షాంతరం చేసింది, గుణించింది. తప్పిందల్లా ఒక్కచోటే: 1/2, 1/4 కలిపినప్పుడు పైది పైదానికి, కిందది కిందదానికి కూడి 2/6 రాసింది. అంటే తప్పు ఎనిమిదో తరగతి పాఠంలో లేదు. అయిదారు తరగతుల్లో జారిపోయిన భిన్నాల కూడికలో ఉంది. ఎనిమిదో తరగతి పాఠాన్ని ఎన్నిసార్లు తిరిగి చెప్పినా అది సర్దుకోదు.

అదే అమ్మాయిని వేరేగా అడగండి. "అరకిలో టమాటా, పావుకిలో ఉల్లిగడ్డ తెచ్చావు. సంచిలో బరువెంతమ్మా?" తడుముకోకుండా "ముప్పావు కిలో సార్" అంటుంది. "మరి ఆరు భాగాల్లో రెండు తీసుకుంటే సగం కంటే ఎక్కువా, తక్కువా?" కాసేపు ఆలోచించి "తక్కువ" అంటుంది. "అరకిలోకి ఇంకో పావుకిలో కలిపితే సంచి తేలికైందా?" తరగతంతా నవ్వుతుంది. తానూ నవ్వి, బోర్డు మీది 2/6ని అరచేత్తో తుడిచేస్తుంది. ఇక 27లో సగం వేసి చూసుకోమంటే చాలు. ఆ సగమే పదమూడున్నర, తొమ్మిదిని ఎప్పుడో దాటేసింది. తన తప్పు తనకే దొరుకుతుంది.

దీనికి పట్టేది పది నిమిషాలు. ప్రొజెక్టరు అక్కర్లేదు, ట్యాబ్ అక్కర్లేదు. కావలసినవి రెండే: ఆ తప్పు ఎందుకొచ్చిందో ఆగి చూసే టీచరు, అలా ఆగేందుకు వెసులుబాటు. మన హైస్కూళ్లలో మొదటిది ఉంది, రెండోది లేదు. తెలంగాణ విద్యా క్యాలెండర్ ప్రకారం పదో తరగతి సిలబస్ జనవరి 10కల్లా, మిగతా తరగతులది ఫిబ్రవరి నెలాఖరుకల్లా పూర్తి కావాలి. తనిఖీకి వచ్చిన అధికారి అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని పాఠాలయ్యాయి?" అనే. ఎంతమందికి అర్థమయ్యాయన్న ప్రశ్నకు రిజిస్టర్‌లో గడే లేదు.

ఈ జారుడు ఒక్క రాష్ట్రానిదో, ఒక్క రకం బడులదో కాదు. 2024 డిసెంబరులో దేశమంతటా జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్‌లో గణితంలో మూడో తరగతి సగటు 60 శాతం. ఆరో తరగతికి వచ్చేసరికి అది 46, తొమ్మిదికి 37. వీళ్లు వేర్వేరు పిల్లలు, వేర్వేరు ప్రశ్నపత్రాలు. అయినా పై తరగతికి వెళ్లేకొద్దీ పుస్తకం ముందుకు, పిల్లలు వెనక్కు పోతున్నారన్న సంగతి దాగదు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ ఢిల్లీలో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం దీన్ని ఇంకా సూటిగా చూపింది. లెక్కల్లో ఆరో తరగతి పిల్లలు సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారు. తొమ్మిదో తరగతిలో ఆ వెనుకబాటు నాలుగున్నర తరగతులకు పెరిగింది.

ఆ అధ్యయనంలో మన అధికారులు జాగ్రత్తగా చదవాల్సిన మరో సంగతి ఉంది. ప్రతి పిల్లవాడికీ తనున్న స్థాయి నుంచి పాఠం మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్‌తో కొన్ని నెలలు నేర్పితే, పరిశోధకులు పెట్టిన పరీక్షలో పిల్లలు బాగా పుంజుకున్నారు. బడి పెట్టిన లెక్కల పరీక్షలో మాత్రం ఆ తేడా తేలలేదు. మూడో తరగతి స్థాయి నుంచి అయిదో తరగతి స్థాయికి ఎక్కిన పిల్లవాడు ఎనిమిదో తరగతి ప్రశ్నపత్రంలో ఇంకా ఫెయిలే. అతను రెండు మెట్లు ఎక్కాడని చెప్పే పరీక్ష మన దగ్గర లేదు. పునాది పని ఎవరికీ ఎందుకు ముఖ్యంగా కనిపించదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ ఏడాది మార్కుల్లో దాని ఫలితం రాదు. ఫలితం రాని పనిని ఏ కలెక్టరు సమీక్షిస్తారు, ఏ హెడ్మాస్టరు నెత్తిన వేసుకుంటారు?

కార్యక్రమాలు లేవని కాదు. తెలంగాణలో ప్రాథమిక తరగతులకు 2022లో తొలిమెట్టు మొదలుపెట్టారు. ఆ తర్వాత పై తరగతులకు ఉన్నతి వచ్చింది. జూన్‌లో బ్రిడ్జి కోర్సు, బేస్‌లైన్ పరీక్ష మామూలే. ఉద్దేశాల్లో వంక పెట్టాల్సిందేమీ లేదు. చిక్కంతా అమలు తీరులో ఉంది. చాలాచోట్ల బేస్‌లైన్ మార్కులు యాప్‌లోకి ఎక్కుతాయి, అక్కడే ఉండిపోతాయి. మర్నాడు పాఠం మామూలుగా మొదటి పేజీ నుంచి మొదలవుతుంది. పిల్లవాడికి భిన్నాలు రావని జూన్‌లో తేలితే, జులైలో అతనికి భిన్నాలు ఎవరు, ఏ పిరియడ్‌లో చెబుతారో టైం టేబుల్‌లో రాసి ఉండాలి. అది రాయనప్పుడు ఆ పరీక్ష పెట్టి లాభమేమిటి?

ఢిల్లీ ప్రభుత్వం 2016లో ‘చునౌతీ’ పేరుతో పిల్లలను స్థాయిని బట్టి వేరే సెక్షన్లుగా విడదీసింది. కింది సెక్షన్‌లో పడిన పిల్లల మీద ముద్ర పడుతుందని విమర్శలొచ్చాయి. ఆ విమర్శలో నిజముంది. సెక్షన్లు విడదీయాల్సిన పని లేకుండానే ఈ పని చేయొచ్చు. రోజుకో పిరియడ్ మాత్రం స్థాయిని బట్టి కూర్చోబెట్టి, మిగతా రోజంతా అందరినీ కలిపే ఉంచితే చాలు.

మన దగ్గర సంస్కరణ అనగానే పరీక్ష విధానం మీదే చర్చ నడుస్తుంది. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో భాగంగా తెలంగాణ 2014-15 నుంచి పదో తరగతిలో 20 అంతర్గత మార్కులు ఇస్తోంది. ప్రాజెక్టు పని, రాత అంశాలు, ప్రతిస్పందనలు, స్లిప్ టెస్టు అన్నవి దాని అంగాలు. ఆంధ్రప్రదేశ్ 2019లో అంతర్గత మార్కులను ఎత్తేసింది. తెలంగాణ కూడా 2024 నవంబరులో ఎత్తేస్తామని ప్రకటించి, వెంటనే ఏడాది వాయిదా వేసి, 2025లో మళ్లీ కొనసాగిస్తామంది. అసలు ఉద్దేశం ప్రకారం ఆ 20 మార్కులు పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో టీచరు పట్టుకోవడానికి. ఆచరణలో అవి ఉదారంగా వేసే మార్కులుగా, ప్రాజెక్టులు స్టేషనరీ షాపులో కొనుక్కునే చార్టులుగా మిగిలాయి. ఉంచినా తీసినా, ఎనిమిదో తరగతిలో 2/6 రాసిన అమ్మాయికి ఒరిగేదేమీ లేదు.

కొత్త టీచర్లు రావడం మంచి అవకాశం. 2024లో తెలంగాణ 11,062 పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్ 16,347 పోస్టులకు డీఎస్సీ జరిపాయి. రెండుచోట్లా అంతకుముందు డీఎస్సీ నియామకాలు జరిగి ఏళ్లు గడిచాయి. ఇంత కాలానికి వచ్చిన ఈ యువ ఉపాధ్యాయులను ఏ తరగతికి పంపుతామన్నది అసలు ప్రశ్న. ఇప్పటి అలవాటు ప్రకారం గట్టి స్కూల్ అసిస్టెంట్‌కు పదో తరగతి, కొత్తగా వచ్చినవాళ్లకో డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లకో కింది తరగతులు. దీన్ని తిరగేయాలి.

చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. జూన్ 12న బడి తెరిచాక ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మొదటి రెండు వారాలు మార్కులు లేని పరీక్షలు పెట్టి, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగాడో టీచరు తన నోట్సులోనే రాసుకోవాలి. యాప్‌లో ఎక్కించాల్సిన పని పెట్టకూడదు. ఈ రెండు తరగతులకూ రోజుకో పిరియడ్‌ను చదవడం, రాయడం, లెక్కల పునాదికి కేటాయించి, అందుకు సరిపడా సిలబస్ తగ్గించాలి. ఆ పిరియడ్‌కు ఏ కారణంతోనూ టీచరును పదో తరగతికి లాగకూడదు. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిషు ఉన్న ద్విభాషా పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ పిల్లల చేతుల్లో ఉన్నాయి. ‘డినామినేటర్’ దగ్గర తట్టుకున్న పిల్లకు ‘హారం’ అని, ఇంకా కాదంటే ‘ముప్పావు’ అని చెప్పే స్వేచ్ఛ టీచరుకు ఉండాలి. ఇంగ్లిషు మీడియం పేరుతో దాన్ని అడ్డుకుంటే నష్టపోయేది పిల్లలే.

టీచర్ల స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల తీరూ మారాలి. సర్క్యులర్లు చదివి వినిపించే బదులు, ప్రతి లెక్కల టీచరూ పిల్లల తప్పు జవాబులు అయిదు తెచ్చి బల్ల మీద పెడితే, 27 ఎందుకొచ్చిందో పదిమంది కలిసి ఆలోచిస్తే, ఆ పూట దక్కే శిక్షణ ఏ ఆన్‌లైన్ కోర్సులోనూ దొరకదు. అన్నిటికంటే ముందు, హైస్కూలును కొలిచే కొలత మారాలి. పదో తరగతి శాతంతో పాటు, అక్కడ చదివి వెళ్లిన పిల్లలు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఎలా ఉన్నారన్న లెక్క ఆ హెడ్మాస్టరు బల్ల మీదికి తిరిగి రావాలి. ఈ సమాచారం ప్రభుత్వం దగ్గర విడివిడిగా ఉన్నదే. కలిపి చూసే ఓపిక కావాలి.

ఇవన్నీ మొదలుపెడితే తొలి ఏడాది పదో తరగతి ఫలితం నాలుగు శాతం తగ్గినా తగ్గొచ్చు. ఆ ఒక్క ఏడాది తట్టుకునే ధైర్యం విద్యాశాఖకు ఉండాలి. ‘నూరు శాతం’ ఫ్లెక్సీలతో కొలవడం మానేస్తామని మంత్రులు, కలెక్టర్లు ముందే చెప్పాలి. వాళ్లు ఆ మాట అనకపోతే ఏ హెడ్మాస్టరూ సాహసించరు.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఆంధ్రలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కు పిలుస్తారు, తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. ఈసారి వెళ్లినప్పుడు పదిలో ఎంతమంది పాసయ్యారని ఎటూ అడుగుతారు. ఆ తర్వాత ఇంకొక్క ప్రశ్న అడగండి: "ఎనిమిదో తరగతికి లెక్కలు ఎవరు చెబుతున్నారు సార్? నిన్న ఆ పిరియడ్ జరిగిందా?"