మోకాలి మీద పుండు కూడా మన సమస్యే



మొన్న మీటింగ్‌లో నేను ఒక మాట అన్నాను. ఆశ్రమ పాఠశాలల్లో పిల్లల కాళ్ల మీద, చేతుల మీద పుండ్ల సంగతి కూడా మన డిమాండ్లలో రాద్దాం అని. ఒక అన్న నవ్వాడు. "పోడు పట్టాలు ఉన్నాయి, 1/70 చట్టం ఉంది, జీవో నంబర్ 3 పోయి ఇన్నేళ్లయింది. ఇవన్నీ వదిలేసి సబ్బు గురించి మాట్లాడతావేటి తమ్ముడూ? అది ఎన్జీవోల పని" అన్నాడు. అన్న అంటే నాకు గౌరవం. ఆయన మాటలో సగం నిజం కూడా ఉంది. మిగతా సగానికి జవాబు అక్కడ చెప్పడానికి టైం దొరకలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ముందు నిజమున్న సగం. మన ఊళ్లకి సబ్బు ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. దాంతోపాటు ఒక తిట్టు కూడా వచ్చింది. "మీరు స్నానం చెయ్యరు, అందుకే మీకు గజ్జి" అని. నేను చదువుకున్న హాస్టల్లో గజ్జి ఉన్న పిల్లల్ని వెనక బెంచీలో విడిగా కూర్చోబెట్టేవారు. చేతి వేళ్ల మధ్య గోక్కుంటూ ఉంటే క్లాసంతా నవ్వేది. ఆ పిల్లలు ఉదయం అయిదింటికి లేచి, ఒకటే కుళాయి దగ్గర లైన్లో నిలబడి, తమ వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేస్తే మొహం మాత్రం కడుక్కుని క్లాసుకు పరిగెత్తేవాళ్లు. ఆ కుళాయి గురించి ఎవరూ అడగలేదు. గోక్కునే చెయ్యి మాత్రం అందరికీ కనిపించింది. అందుకే శుభ్రత అనే మాట వింటేనే మనలో చాలామందికి ఒళ్లు మండుతుంది. నాకూ మండుతుంది.

కానీ కోపంతో పుండు మానదు కదా.

మన పిల్లలకి దెబ్బ తగలని రోజు ఉంటుందా చెప్పండి. చెప్పులు లేకుండా కొండ దిగుతారు, మోకాలు చెక్కుకుపోతుంది. కట్టెలకి వెళ్తే ముళ్లు, పోడులో కొడవలి, వానాకాలం వస్తే జలగలు, దోమలు, చిన్న చిన్న పురుగులు. కుట్టినచోట గోళ్లతో గోకుతారు. ఇవన్నీ చిన్న దెబ్బలే. ఎవరూ ఆసుపత్రికి తీసుకెళ్లరు, తీసుకెళ్లక్కర్లేదు కూడా. చర్మం అంటే చేను చుట్టూ కంచె లాంటిది. కంచె ఒకచోట తెగితే పశువు లోపలికి వచ్చినట్టు, గీరుకున్నచోట నుంచి క్రిములు లోపలికి వస్తాయి. ఎక్కువగా రెండు రకాలు, స్ట్రెప్టోకాకస్, స్టెఫిలోకాకస్. ఇవి ఎక్కడి నుంచో రావు, మన చర్మం మీద, ముక్కులో, గోళ్ల కింద ముందే ఉంటాయి. దెబ్బ చుట్టూ నీటి పొక్కులు లేచి, పగిలి, తేనె రంగులో పెచ్చు కడుతుంది. ఆ చేత్తో ఇంకోచోట గోకితే అక్కడా లేస్తుంది. పక్కన పడుకున్న తమ్ముడికీ అంటుకుంటుంది. హాస్టల్లో ఒక దుప్పట్లో ఇద్దరు ముగ్గురు పడుకుంటే ఎంత తొందరగా పాకుతుందో మీకు చెప్పక్కర్లేదు, అందరం అక్కడి నుంచే వచ్చాం.

చాలా పుండ్లు వాటంతట అవే మానిపోతాయి. భయం మానని వాటి గురించి. కొన్ని చీము గడ్డలవుతాయి, కొన్ని రక్తంలోకి వెళ్తాయి. ఇంకొకటి ఉంది, అది మన వాళ్లకి దాదాపు తెలీదు. స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చిన పుండు మానిపోయాక, మూడు నుంచి ఆరు వారాల్లో కొంతమంది పిల్లలకి మూత్రపిండాలు వాచిపోతాయి. పొద్దున లేచేసరికి మొహం, కళ్ల కింద ఉబ్బి ఉంటుంది. మూత్రం తక్కువగా, టీ డికాషన్ రంగులో వస్తుంది. ఇంట్లో వాళ్లు రక్తం తక్కువై ఉబ్బాడనుకుంటారు. నెల కిందటి మోకాలి పుండుకీ ఈ ఉబ్బుకీ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది? సరైన టైంలో తీసుకెళ్తే ఎక్కువమంది పిల్లలు బాగవుతారు. రోడ్డు లేని ఊళ్లలో, డోలీ కట్టాల్సిన ఊళ్లలో ఆ సరైన టైం అన్నదే దొరకదు.

అన్న అడిగినదానికి నా మొదటి జవాబు ఇదే. రోడ్డు ఉన్నోడికి పుండు పుండే. రోడ్డు, నీళ్లు, నర్సు లేనోడికి అదే పుండు పెద్ద ప్రమాదం.

ఇది మన ఒక్కరి కథే అనుకోకండి. ఆస్ట్రేలియా మారుమూల ఆదివాసీ ఊళ్లలో చూస్తే ఏ సమయంలోనైనా పదిమంది పిల్లల్లో నలుగురైదుగురికి ఇలాంటి చర్మపు పుండ్లు ఉంటున్నాయని అక్కడి పరిశోధకులు లెక్క తేల్చారు. అంత డబ్బున్న దేశంలో! తెల్లవాళ్ల పిల్లలకి లేని రోగం ఆదివాసీ పిల్లలకి ఎందుకుంది? ఇరుకు ఇళ్లు, పని చెయ్యని కుళాయిలు, దూరంగా ఉన్న ఆసుపత్రి. 2000లో పశ్చిమ ఆస్ట్రేలియాలో రెండు ఆదివాసీ ఊళ్లలో క్లోరిన్ కలిపిన నీళ్లతో ఈత కొలనులు కట్టారు. ఏడాదిన్నరలో పుండ్లున్న పిల్లలు ఒక ఊళ్లో నూటికి 62 నుంచి 18కి, ఇంకో ఊళ్లో 70 నుంచి 20కి తగ్గారు. బడికి వస్తేనే కొలను అని రూలు పెట్టారట, మన వార్డెన్లకి ఈ ఐడియా చెప్పకండి. నేను చెప్పేది ఏమిటంటే, ఆ పిల్లల అలవాట్లని ఎవరూ తిట్టలేదు. మంచి నీళ్లు వచ్చాయి, పుండ్లు పోయాయి.

రెండో సంగతి కరాచీది. అక్కడి పేదల బస్తీల్లో ఇళ్లకి సబ్బు ఇచ్చి, చేతులు కడుక్కోవడం నేర్పించి చూశారు. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సబ్బు అందిన ఇళ్లలో పిల్లలకి ఈ పుండ్లు మూడో వంతు తగ్గాయి. విరేచనాలు సగానికి తగ్గాయి. క్రిములు చంపే ఖరీదైన సబ్బుకీ మామూలు సబ్బుకీ తేడా ఏమీ కనిపించలేదు. అంటే మన జీసీసీ డిపోలో దొరికే సబ్బు చాలు. టీవీలో యాడ్ వచ్చేది అక్కర్లేదు.

ఇప్పుడు చేసే పని గురించి. పిల్లాడికి దెబ్బ తగిలితే ముందు కడిగేవాళ్లు తమ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. దీన్నే అందరూ మర్చిపోతారు. రక్తం కారుతుంటే ఉతికిన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవాలి, మధ్యమధ్యలో తీసి చూడకూడదు. పది నిమిషాలు పట్టుకున్నా ఆగకపోతే ఆసుపత్రికి. ఆగితే ధారగా నీళ్లు పోస్తూ అయిదు నిమిషాలు కడగాలి. మట్టి, ఇసుక, ముల్లు ముక్క ఏదీ ఉండకూడదు. చుట్టూ చర్మాన్ని సబ్బుతో కడగాలి. తాగడానికి పనికొచ్చే నీళ్లు గాయం కడగడానికీ పనికొస్తాయి. గెడ్డ నీళ్లు, వానాకాలం ఎర్రగా వచ్చే ఊట నీళ్లు అయితే మరిగించి చల్లార్చుకోవాలి. తర్వాత ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డ కట్టి, రోజూ మార్చాలి. తడిసినా, మట్టి అయినా అప్పుడే మార్చాలి. గోళ్లు కత్తిరించాలి. అంతే. ఇందులో పెద్ద వైద్యం ఏమీ లేదు, నీళ్లుంటే.

మన పెద్దలు ఆకు పసరు పోస్తారు. గడ్డి చేమంతి ఆకు నలిపి పెడితే రక్తం ఆగుతుందని మన అమ్మమ్మలకి తెలుసు, ఆ మొక్క మీద ప్రయోగశాలల్లో పరిశోధనలు కూడా జరిగాయి. పసుపు సంగతి అయితే చెప్పేదేముంది, పాడేరు, చింతపల్లి కొండల్లో పండించేదే మనం. ఈ జ్ఞానాన్ని వెక్కిరించే డాక్టరు మాట మన వాళ్లు వినరు, వినక్కర్లేదు కూడా. నాకున్న పేచీ ఆకుతో కాదు. నేల మీద పడి ఉన్న రాయి మీద నూరడం, నోట్లో నమిలి ఉమ్మడం, మట్టి అలాగే ఉన్న గాయం మీద పసుపు మెత్తడం, వాటితో. లోపల మట్టి ఉండిపోతే పైన ఏది పెట్టినా అది మూత వేసినట్టే. "పిన్నీ, ముందు కడుగు, తర్వాత నీ ఆకు పెట్టు" అంటే మా ఊళ్లో పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. "ఆకు పారెయ్యి" అంటే కొడతారు.

పేడ, బూడిద, కిరోసిన్, సున్నం మాత్రం వద్దు. పేడలో, మట్టిలో ధనుర్వాతం క్రిమి ఉంటుంది. దవడలు బిగుసుకుపోయే ఆ జబ్బు వచ్చాక బతికించడం కష్టం, రాకుండా ఆపడం సులువు. పసిబిడ్డకి 6, 10, 14 వారాల్లో వేసే టీకాలోనే దానికి మందు ఉంది. తర్వాత ఏడాదిన్నర వయసులో, అయిదేళ్లు దాటాక, 10 ఏళ్లకి, 16 ఏళ్లకి మళ్లీ వెయ్యాలి. హాస్టల్ పిల్లల్లో ఈ చివరి రెండూ ఎంతమందికి పడ్డాయో ఒకసారి మీ హెడ్‌మాస్టర్‌ని అడిగి చూడండి.

ఇంకో అలవాటు ఉంది, ఇది పాతది కాదు. సంతలో కొన్న క్యాప్సూల్ విప్పి పొడి గాయం మీద చల్లడం. దానివల్ల గాయం మానదు, ఆ మందుకి క్రిములు అలవాటు పడతాయి. ఏ దురదకైనా మెడికల్ షాపువాడు ఇచ్చే క్రీములు కూడా అంతే. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత తామర రెండింతలు పాకుతుంది.

గజ్జి సంగతి వేరుగా చెప్పాలి. పుండ్లకి సగం దారి అదే వేస్తుంది. కంటికి ఆనని పురుగు చర్మంలో సొరంగం తవ్వుతుంది, రాత్రిళ్లు దురద, గోకుడు, పుండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. నిర్లక్ష్యానికి గురైంది వ్యాధా, మనుషులా అని నాకు అనుమానం. పర్‌మెత్రిన్ క్రీము మెడ నుంచి పాదాల దాకా రాత్రి రాసి పొద్దున కడిగేసి, వారం తర్వాత మళ్లీ రాస్తే పోతుంది. పసిపిల్లలకి డాక్టరుని అడిగి వాడాలి. కానీ ఒక్కడికి రాస్తే లాభం లేదు. ఇంట్లో అందరికీ, హాస్టల్ గదిలో అందరికీ ఒకే రాత్రి రాయాలి, బట్టలు దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వెయ్యాలి. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, మందు పని చెయ్యలేదని కంగారు పడొద్దు. మన హాస్టళ్లలో ఏం జరుగుతుంది? ఎక్కువ గోక్కునే పదిమందికి తలో ట్యూబు ఇస్తారు, మిగతా పిల్లలకి ఏమీ లేదు. నెల తిరగకుండా ఆ పదిమందికి మళ్లీ వస్తుంది. మళ్లీ "మీరు శుభ్రంగా ఉండరు" అంటారు.

ఇప్పుడు అన్నకి రెండో జవాబు. ఇంటికి కుళాయి ఇస్తాం, మనిషికి రోజుకి 55 లీటర్లు ఇస్తాం అని జల్ జీవన్ మిషన్ పేరుతో 2019లో ప్రకటించింది ప్రభుత్వమే. బడి పిల్లల్ని ఏడాదికి ఒకసారి డాక్టర్లు చూడాలని, అందులో చర్మ వ్యాధులు కూడా చూడాలని 2013 నుంచి నడుస్తున్న బాల స్వాస్థ్య కార్యక్రమంలో రాసుకున్నదీ ప్రభుత్వమే. అంటే మనం భిక్ష అడగడం లేదు. పోడు పట్టా అడిగినట్టే ఇదీ అడుగుతున్నాం, రాసిచ్చినదాన్ని అమలు చెయ్యమని. పైగా పట్టా కోసం కోర్టుల్లో ఏళ్లు పడుతుంది. కుళాయి కోసం ఐటీడీఏ పీఓ సంతకం చాలు.

మనం చేతులు కట్టుకుని కూర్చోవాలని కూడా నేను అనను. మన పేజీ చదివేవాళ్లలో సగం మంది డిగ్రీ అయినవాళ్లు, డీఎడ్ చేసినవాళ్లు, నర్సింగ్ చదువుతున్న చెల్లెళ్లు. ఆసుపత్రి గోడ మీద పోస్టర్ తెలుగులో ఉంటుంది, మా అమ్మమ్మలు కువిలో, ఒడియాలో మాట్లాడతారు. ఆ పోస్టర్‌ని మన భాషలోకి మార్చి ఇంటింటికీ చెప్పగలిగేది మనమే, పీఓ కాదు. ఎప్పుడు పరిగెత్తాలో ముందు అది చెప్పండి. ఎరుపు పెరుగుతూ పోవడం, గాయం నుంచి పైకి ఎర్రగీత పాకడం, చీము, జ్వరం, గజ్జల్లో బిళ్ల కట్టడం, కంటి దగ్గర పుండు, లోతుగా దిగిన మేకు. వీటిలో ఏది ఉన్నా ఆ రోజే వెళ్లాలి. మొహం ఉబ్బినా, మూత్రం రంగు మారినా అంతే. కుక్క కరిస్తే పావుగంట సబ్బు నీళ్లతో కడిగి, గాయం ఎంత చిన్నదైనా టీకాకి వెళ్లాలి, పసరు మందుకి కాదు.

వానలు మొదలవుతున్నాయి, హాస్టళ్లు తెరుస్తున్నారు. మీ దగ్గర్లో ఉన్న ఆశ్రమ పాఠశాలకి ఒక పూట వెళ్లండి. పిల్లలు ఎంతమంది, నీళ్లొచ్చే కుళాయిలు ఎన్ని, సబ్బు చివరిసారి ఏ నెలలో ఇచ్చారు, రాత్రిపూట దెబ్బ తగిలితే చూసేది ఎవరు, ఏఎన్ఎం ఉందా లేదా. ఈ అయిదూ ఒక కాగితం మీద రాసి, పిల్లల మొహాలు కనపడకుండా కుళాయిల ఫోటో తీసి, మన మండల కమిటీ వాళ్లకి ఇవ్వండి. అన్ని మండలాలవీ కలిపి గ్రీవెన్స్ రోజు పీఓ గారి టేబుల్ మీద పెడదాం. అన్న కూడా వస్తానన్నాడు.