ఊరు చూడ్డానికి ఎవరెళ్లారు?

మన పెళ్లిళ్లలో ఒక ఆచారం ఉంది. చూపులయి, మాటలు కుదిరాక పిల్ల తరఫువాళ్లు అబ్బాయి ఇల్లు చూడడానికి వెళతారు. తండ్రి, మేనమామ, బాబాయి, ఊళ్లో నోరున్న ఇద్దరు పెద్దమనుషులు బయలుదేరతారు. గదులెన్ని, పొలమెంత, బావిలో నీళ్లున్నాయా అని అన్నీ ఆరా తీసి, భోజనం చేసి, వక్కపొడి నోట్లో వేసుకుని తిరిగొస్తారు. ఆ ఇంట్లో బతకాల్సిన పిల్ల మాత్రం ఆ గుంపులో ఉండదు. వంటింటికి కిటికీ ఉందో లేదో ఆమెకు కాపురానికి వెళ్లాకే తెలుస్తుంది.

పల్లె నుంచో చిన్న పట్నం నుంచో హైదరాబాదుకు మకాం మార్చే కుటుంబాల్లో ఈనాటికీ ఇదే ఆచారం నడుస్తోంది. "ముందు నేను వెళ్లి చూసొస్తాను, ఇల్లు కుదిరాక నువ్వూ పిల్లలూ వద్దురుగాని" అంటాడు భర్త. ఉద్యోగం వచ్చింది కూతురికైతే తండ్రో అన్నో వెళ్లి హాస్టల్ చూసి, అడ్వాన్సు కట్టి వస్తారు. మనకోసం ఇంత శ్రమపడుతున్నారు కదా అని సంతోషిస్తాం. మన రోజులు గడవబోయే చోటుని మన కళ్లతో చూడకుండానే ఒప్పేసుకున్నామన్న సంగతి మనకే తట్టదు.

ఇదీ ఒక సమస్యేనా అని పెదవి విరిచేవాళ్లకి ఒక లెక్క చెప్పాలి. 2020-21లో కేంద్ర ప్రభుత్వం జరిపిన శ్రామికశక్తి సర్వే ప్రకారం దేశంలో ప్రతి 100 మంది స్త్రీలలో దాదాపు 48 మంది ఒక చోటు విడిచి మరో చోటికి వచ్చినవాళ్లే. మగవాళ్లలో ఆ సంఖ్య 11 లోపే. అలా వచ్చిన స్త్రీలలో 100కి సుమారు 87 మంది పెళ్లి వల్ల వచ్చారు. ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చామని చెప్పినవాళ్లు ఒక శాతం కూడా లేరు. పెళ్లి పేరుతో వచ్చి, ఆ తర్వాత కూలికీ, ఇళ్లల్లో పనికీ, దుకాణాలకీ వెళ్తున్న వాళ్ల శ్రమ ఈ 'కారణం' గడిలో కనబడకుండా పోతుంది. అది వేరే చర్చ. ఇక్కడ తేలేది ఒకటే: ఈ దేశంలో ఊళ్లు మారేది ఎక్కువగా మనం, ఊరు చూసొచ్చేది వాళ్లు.

ఇంతకీ ఆయన చూసొచ్చేదేమిటి? అద్దె ఎంత, ఆఫీసు ఎంత దూరం, బండి పెట్టుకోవడానికి చోటుందా. ఆయన దుర్మార్గుడని నేననడం లేదు. తన బతుక్కి ఏం కావాలో అది చూశాడు. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తే పట్టి దాచేది తను కాదు కాబట్టి ఆ మాట అడగడు. బస్సు దిగాక ఇంటిదాకా ఉన్న సందులో రాత్రి తొమ్మిదింటికి లైట్లు వెలుగుతాయా అని చూడడు. మూలమీద వైన్‌షాపు పక్కన పర్మిట్ రూము ఉంటే అది ఆయనకి అడ్డం కాదు. వీడియో కాల్‌లో గదులన్నీ చూపించాడు కదా అంటారు. వీడియోలో సందు కనబడదు, డ్రైనేజీ వాసన రాదు, పక్కింటివాళ్ల చూపులు తెలియవు.

అందుకే వెళ్లి చూడాల్సింది అక్కడ బతకబోయే మనిషి. అది కూడా ఆదివారం పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తే కుదరదు. కనీసం మూడు రోజులు కావాలి, అందులో రెండు పనిరోజులు ఉండాలి. పనికి వెళ్లే వేళకి ఆ బస్సే ఎక్కి, తిరిగొచ్చే వేళకి ఆ బస్సే దిగాలి. 2017 నవంబరులో మొదలైన మెట్రో రైలు బాగానే ఉంది. స్టేషన్ దిగాక ఇంటిదాకా మిగిలే కిలోమీటరు సంగతి ఎవరూ చెప్పరు, దాన్ని చీకటిపడ్డాక నడిచి చూడాలి. వీలైతే మే నెలలో వెళ్లాలి. వానాకాలంలో ఏ ఇంటి బోరులోనైనా నీళ్లుంటాయి, ట్యాంకర్ల బాగోతం ఎండాకాలంలోనే బయటపడుతుంది.

ఎవరిని అడగాలన్నది ఇంకా ముఖ్యం. బ్రోకరునీ ఇంటాయననీ అడిగితే వాళ్లకి కావాల్సిన జవాబే వస్తుంది. తెల్లారగట్ల రోడ్లూడ్చే అమ్మలని, ఇడ్లీ బండి నడిపే ఆమెని, వాచ్‌మన్ భార్యని, అంగన్‌వాడీ ఆయాని అడిగితే ఆ వీధి మొత్తం తెలుస్తుంది. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ లాంటి చోట్ల హాస్టల్‌లో చేరాలనుకునే అమ్మాయి యజమాని లేనప్పుడు అక్కడి పిల్లలతో మాట్లాడాలి. గదికి ఎంతమంది, గేటుకి తాళం ఎన్నింటికి, రాత్రి డ్యూటీ ఉంటే ఏం చేస్తారు, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు తిరిగి ఇచ్చిన దాఖలా ఉందా? ఉద్యోగం చెయ్యబోయే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ ఉందా అని కూడా ముందే అడగాలి. పదిమంది, అంతకుమించి పనిచేసేచోట అది ఉండి తీరాలి.

ఇలా ఒంటరిగా తిరిగితే లోకం ఏమంటుంది? 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఉచిత బస్సు ప్రయాణం మొదలైనప్పుడు విన్నాం కదా: "పనీపాటా లేకుండా ఊళ్లు తిరుగుతున్నారు." 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనప్పుడూ అదే వెక్కిరింపు. మగవాడు ఊరు తిరిగితే లోకజ్ఞానం, ఆడది తిరిగితే తిరుగుబోతుతనం! నారాయణపేట నుంచో ఆదిలాబాదు నుంచో ఒక స్త్రీ చార్జీ లేకుండా ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వచ్చి, రెండు బస్తీలు చూసి తిరిగి వెళ్లగలగడం చిన్న మార్పు కాదు. కానీ శ్రీకాకుళం నుంచి వచ్చే ఆమెకి తెలంగాణ బస్సులో టికెట్ తప్పదు, ఈ రాష్ట్రపు గుర్తింపు కార్డు లేదు కనుక.

వెళ్లాక ఇంకో సంగతి తెలుస్తుంది. ఇల్లు చూడడానికి మనం వెళ్తే వాళ్లు మనల్ని చూస్తారు. ఇరవై ఏళ్ల కిందట పరిశోధన కోసం హైదరాబాదు వచ్చిన కొత్తలో టు-లెట్ బోర్డు చూసి ఒక ఇంటి తలుపు తట్టాను. ఇంటావిడ అడిగిన మొదటి ప్రశ్న "మీవారేం చేస్తారు?" రెండోది "మీరేమిట్లు?" నీళ్లు ఎప్పుడొస్తాయన్న నా ప్రశ్నకి జవాబే రాలేదు. ఆ రెండు ప్రశ్నల దగ్గరే ఎంతోమంది ఒంటరి స్త్రీలు, దళిత స్త్రీలు గడప దిగి వచ్చేస్తున్నారు. ముస్లిం స్త్రీకైతే పేరు చెప్పగానే అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఇల్లు నిండిపోతుంది. ఈ దేశంలో ఎక్కడైనా తిరగడానికీ ఎక్కడైనా నివసించడానికీ రాజ్యాంగం 19వ అధికరణంలో హక్కు ఇచ్చింది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం చదవండి, 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం చదవండి. కులం, మతం, పెళ్లి అడిగి ఇల్లు లేదనడం తప్పు అన్న మాట వాటిలో లేదు.

మూడు రోజుల ప్రయాణం కూడా ఎవరికి సాధ్యం? పాలమూరు కూలీలకి మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సే దారి చూపిస్తుంది. పనిచోటు ఏదో, అక్కడ గుడిసె ఉందో, మరుగుందో దిగాక గాని తెలియదు. అడ్వాన్సు తిన్నాక నచ్చలేదని తిరిగి రాలేరు. మగవాడైతే చెట్టుకిందైనా స్నానం చేస్తాడు. ఆమె చీకటి పడేదాకా కడుపు బిగబట్టుకుని కూర్చుంటుంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రయాణ ఖర్చునీ ప్రయాణపు రోజుల కూలినీ కార్మికుల హక్కుగా గుర్తించింది. వచ్చేముందు ఆ చోటు చూసే హక్కు ఆలోచన అందులోనూ లేదు.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన అత్యాచారం, హత్య తర్వాత పోలీసులు ఆడవాళ్లకే జాగ్రత్తల చిట్టా ఇచ్చారు. నేను చెప్పినవాటిని కూడా అలాంటి చిట్టాలో కలపొద్దు. ఎంత చూసుకుని వచ్చినా సందులో లైటు వెయ్యాల్సింది మున్సిపాలిటీ. వేధించేవాడిదే తప్పు. "ముందే చూసుకుని రావాల్సింది" అని రేపు మననే నిందించడానికి ఈ ప్రయాణం సాకు కాకూడదు.

అందుకని మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఉద్యోగంలో చేరేముందు ఊరు చూసి రావడానికి యజమాని చార్జీలూ జీతంతో కూడిన మూడు రోజులూ ఇవ్వాలి. మేస్త్రీలు కూలీ కుటుంబాల నుంచి ఒక స్త్రీని ముందుగా పనిచోటుకి తీసుకెళ్లి చూపించాలి. 1972-73 నుంచీ కేంద్ర సహాయంతో నడుస్తున్న ఉద్యోగినుల హాస్టళ్లలో ఊరు చూడడానికి వచ్చే స్త్రీలకి రెండు రాత్రులు మంచం దొరకాలి. కులం, మతం, పెళ్లి అడిగి ఇల్లు నిరాకరించడాన్ని అద్దె చట్టం నిషేధించాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ పొరుగు స్త్రీలని కూడా తమ బస్సుల్లో ఎక్కించుకోవాలి.

చట్టాలు వచ్చేదాకా మన సంఘాలు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. నగరంలో ఉన్న మనలో ప్రతి ఒక్కరూ కొత్తగా వచ్చే ఒక స్త్రీకి రెండు రాత్రులు పడుకోవడానికి చోటిచ్చి, ఒక సాయంత్రం ఆమెతో కలిసి సందులు తిరిగితే ఎన్ని కాపురాలు కళ్లు తెరుచుకుని మొదలవుతాయో ఆలోచించండి. ఇక ఊళ్లో ఉన్న అక్కచెల్లెళ్లకి ఒక్క మాట. ఈసారి ఇంట్లో "ముందు నేను వెళ్లి చూసొస్తాను" అనే మాట వినబడినప్పుడు "నేనూ వస్తాను, నేను చూశాకే అడ్వాన్సు" అనండి. నగరంలో మన బతుకు ఆ మాటతోనే మొదలుకావాలి.