రూల్ ఏది, రిక్వెస్ట్ ఏది?

అమీన్‌పూర్‌లో మా పక్కింటి అన్న పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. ఆదివారం సాయంత్రం పెన్సిల్ పట్టుకుని వారం షిఫ్ట్ చార్ట్ వేస్తాడు. నైట్ షిఫ్ట్ చేసినవాళ్లను తెల్లారి ఫస్ట్ షిఫ్ట్‌కు చచ్చినా వేయడు. "శుక్రవారం పెళ్లుంది అన్నా" అంటే మాత్రం చూస్తాడు, కుదిరితే సరే, లేదంటే ఇంకో వారం. చివర్లో ఇద్దరిని ఎక్కడా వేయకుండా పక్కన ఉంచుతాడు. సోమవారం ఎవరు డుమ్మా కొడతారో ఆయనకు మాత్రం ఏం తెలుసు?

బీటెక్‌లో చదివిన కన్‌స్ట్రెయింట్ ప్రాబ్లమ్స్‌లో ఈ గొడవ లేదు. ఎన్-క్వీన్స్, మ్యాప్ కలరింగ్... షరతు నెగ్గిందా లేదా, అంతే. ఉద్యోగంలో అన్నీ అలాగే రాస్తే సాల్వర్ 'ఇన్‌ఫీజిబుల్' అని చేతులెత్తేస్తుంది. అందుకే హార్డ్, సాఫ్ట్ అని విడదీస్తారు. హార్డ్ దాటడానికి వీల్లేదు. సాఫ్ట్ దాటొచ్చు, కానీ పెనాల్టీ పడుతుంది. మొత్తం పెనాల్టీ తక్కువున్న ప్లాన్ గెలుస్తుంది.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో 2025 డిసెంబర్‌లో శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చూశాం. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ, రాత్రి ల్యాండింగుల పరిమితిని 6 నుంచి 2కు తగ్గిస్తూ డీజీసీఏ 2024 జనవరిలోనే నిబంధనలు ప్రకటించింది. రెండో దశ 2025 నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. డిసెంబర్ 5న ఒక్కరోజే ఇండిగో దేశవ్యాప్తంగా వెయ్యికి పైగా విమానాలు రద్దు చేసింది. తర్వాత 22.20 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ డీజీసీఏ ఎత్తిచూపిన లోపాల్లో అతి ఆప్టిమైజేషన్, సరిపడా బఫర్ లేకపోవడం ఉన్నాయి. మా అన్న పక్కన ఉంచే ఆ ఇద్దరే బఫర్ అంటే!

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. గందరగోళం తగ్గించడానికి రాత్రి డ్యూటీకి సంబంధించిన కొన్ని నిబంధనల నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు. హార్డ్ కాస్తా సాఫ్ట్ అయింది. ప్రయాణికులు ఇళ్లకు చేరాలి, కాదనను. కానీ ఆ పెనాల్టీ పైలట్ నిద్ర మీద పడింది. ఇలాంటి చోట ఏ షరతుకు ఎంత వెయిట్ ఇవ్వాలో పైవాళ్లు చెప్పాలి. చెప్పకపోతే కోడ్ రాసే ఫ్రెషరే ఏదో ఒక అంకె వేసేస్తాడు.

ఇంటర్వ్యూలో షెడ్యూలింగ్ ప్రశ్న వస్తే వెంటనే కోడ్‌లోకి దూకకండి. "ఈ షరతు దాటితే నష్టం ఎవరికి?" అని ముందు అడగండి. ప్రాక్టీసుకు గూగుల్ ఓఆర్-టూల్స్ ఉచితం, పైథాన్ వస్తే చాలు. మీ కాలేజీ ల్యాబ్ టైమ్‌టేబుల్ వేసి చూడండి. అది కుదిరాక ఇద్దరు లెక్చరర్లు రాలేదనుకుని మళ్లీ రన్ చేయండి.