ఆదివారం విలుకాళ్ళు

డాలస్‌లో ఉంటున్న మిత్రుడొకడు ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో విల్లు పట్టాడు. అక్కడి పద్ధతి ప్రకారం హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి, లైసెన్స్ తీసుకుని, రెండో సీజన్లో ఒక జింకను కొట్టాడు. ఫొటో పంపుతూ కింద రాశాడు: "నా ఫ్రీజర్లో ఉన్న మాంసం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. నీకు తెలుసా?"

నాకు తెలీదు. చికెన్ సెంటర్లో కిలో స్కిన్‌లెస్ చెప్పి, డ్రమ్ములో కోడి కొట్టుకునే చప్పుడు వినపడనట్టు ఫోన్ చూసుకునే మనిషిని. కాబట్టి ఆ ప్రశ్న దగ్గర వాడిదే పైచేయి, ఒప్పుకుంటాను. గొడవంతా దాని తర్వాతి మెసేజ్‌తో వచ్చింది. "మీ గడివేముల వైపు జింకలూ పందులూ పంటలు మేసేస్తున్నాయంటావుగా. అక్కడా ఇలాగే సీజన్ పెట్టి లైసెన్సులిస్తే సరి. నువ్వూ ఆర్చరీ మొదలెట్టావు. రైతుకు మేలు, నీకు ప్రకృతితో సంబంధం."

ఇది వాడొక్కడి మాట అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. హైదరాబాద్‌లో నేను ఆదివారాలు వెళ్ళే రేంజ్‌లో కూడా టీ తాగేటప్పుడు ఇదే వినపడుతోంది. 'ప్రైమల్' అంటారు. మనిషి రక్తంలో వేట ఉందంటారు. నెలకు రెండు లక్షల జీతాల రక్తంలో.

ముందు విల్లు సంగతి. వాళ్ళు 'ఆదిమం' అని మురిసిపోతున్న కాంపౌండ్ బోకి అమెరికాలో పేటెంట్ వచ్చింది 1969లో. అంచుల్లో కప్పీలు, వాటి మీదుగా తీగలు. పూర్తిగా లాగాక బరువులో మూడొంతులు యంత్రమే మోస్తుంది. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఈ రకం విల్లుతోనే. యాభై మీటర్ల దూరంలో, ఎనభై సెంటీమీటర్ల కాగితం మీద. కాగితం కదలదు. దూరం ముందే తెలుసు. అయినా ఆ గురి వెనక చిన్నప్పటినుంచీ చేసిన సాధన ఉంది.

నేను మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. పద్దెనిమిది మీటర్లలో ఆరు బాణాలేస్తే నాలుగు పసుపులో పడిన రోజు ఇంటికి స్వీట్లు పట్టుకెళ్ళాను. మిగతా రెండు? ఒకటి ఎరుపులో ఉంటుంది. ఇంకోటి గడ్డిలో. దాన్ని వెతకడానికి ఒకసారి ఇరవై నిమిషాలు పట్టింది, అది కూడా కోచ్ చూపిస్తే దొరికింది.

ఆ ఆరో బాణాన్ని ఒక పంది మీద వేశాననుకోండి. బాణం తుపాకీ గుండులా అదురుతో పడగొట్టదు. కోసుకుంటూ పోతుంది, నెత్తురు కారి ప్రాణం పోవాలి. సరైన చోట తగిలినా వెంటనే వెంటబడకూడదు. ఆగి, తర్వాత నెత్తుటి చుక్కల్ని పట్టుకుని పోవాలి. నారి చప్పుడుకే జంతువు ఉలిక్కిపడి వంగుతుంది, బాణం చేరేలోపు మీరు గురిపెట్టిన చోటు అక్కడ ఉండదు. తప్పితే పొట్టలో బాణంతో అది ఎన్ని గంటలు తిరుగుతుందో. శబ్దవేధి వచ్చిన దశరథుడే నీళ్ళ కుండ చప్పుడు విని ఏనుగనుకుని వేశాడు. మనకు శబ్దవేధి కాదు కదా, గడ్డిలో పడిన బాణాన్ని వెతికే విద్య కూడా రాలేదు.

ఆ విద్య వచ్చినవాళ్ళు మా ఊరికి తూర్పున, నల్లమలలో ఉన్నారు. చెంచులు. 1940 ప్రాంతంలో అమ్రాబాద్ పీఠభూమిలో వాళ్ళతో ఉండి, 1943లో పుస్తకం వేసిన హైమెన్‌డార్ఫ్ రాసినదాంట్లో మన ప్రైమల్ మిత్రులు చదవాల్సిన విషయం ఒకటుంది. ఆ అడవి మనుషుల కడుపు ముఖ్యంగా నింపింది మాంసం కాదు, తవ్వుకొచ్చిన గడ్డలు, ఏరుకొచ్చిన పళ్ళు. విల్లు ఉన్నవాడికే వేట అరుదు. గడ్డపార పట్టి అడవంతా గడ్డలు తవ్వితే మరి ప్రకృతితో సంబంధం రాదా? దానికి ఫొటో బాగుండదు, అంతే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. లైసెన్స్ మీద షికారు చేసే వీలు తర్వాత కూడా కొన్నాళ్ళు మిగిలింది, దాన్ని 1991 సవరణ తీసేసింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు అడవిబిడ్డల సంప్రదాయ హక్కులన్నీ గుర్తిస్తామన్నారు, ఆ వాక్యంలోనే వేట హక్కును మినహాయించారు. పులులకోసం, అంతరించిపోతున్న వాటికోసం అది అవసరమేనని నేననుకుంటాను. నాకు దానిమీద పేచీ లేదు. కానీ వెయ్యేళ్ళ విద్య ఉన్నవాడి చేతిలోంచి వేటను తీసేసిన దేశంలో, పద్నాలుగు నెలల విద్య ఉన్న నాకు లైసెన్స్ ఇవ్వాలని అడగడానికి ఏ మొహం కావాలి? అదే చెంచుల్ని పులి జాడలు చూడ్డానికి అటవీశాఖ బేస్ క్యాంపుల్లో పెట్టుకుంటుంది. కళ్ళు కావాలి, విల్లు వద్దు. (ఏకలవ్యుడి కథ ఇక్కడ చెప్పను. మీకు ఇప్పటికే గుర్తొచ్చుంటుంది.)

ఆళ్ళగడ్డ పక్కన అహోబిలంలో ఏటా కనుమనాడు పారువేట మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకీలో బయల్దేరి నలభై రోజులకు పైగా ఊళ్ళు తిరుగుతాడు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి చెంచులకు ఆయన అల్లుడు. పల్లకీ కదిలేముందు చెంచులు విల్లెక్కుపెట్టి దానివైపు బాణాలు వేస్తారు. ఆ పూట అందరం దణ్ణం పెట్టి ఫొటోలు తీసుకుంటాం. మిగతా రోజుల్లో అదే మనిషి అదే విల్లుతో అడవిలో ఎదురైతే ఏమడుగుతారో మీకు తెలుసు.

"మరి రైతు?" అన్నాడు మిత్రుడు. నిజంగా అడగాల్సింది ఇదే. మా మండలం పక్కనే మిడుతూరు మండలంలో రోళ్ళపాడు ఉంది. బట్టమేక పిట్టకోసం 1988లో అభయారణ్యం చేశారు. పిట్ట దాదాపు కనుమరుగైంది, కృష్ణజింకలు పెరిగాయి. మావైపు గనిలో, ఓర్వకల్లు వైపు శకునాలలో, బీడూ భూమీ కలిపి ఆరు వేల ఎకరాల దాకా సోలార్ పలకల కిందికి పోయాయి. గుంపులు చేలల్లో దిగుతాయి. పంట పాడుచేసే అడవిపందిని చంపడానికి అనుమతి తీసుకునే దారి చట్టంలోనే ఉంది. కృష్ణజింకకు ఆ దారి లేదు, ముట్టుకుంటే మూడు నుంచి ఏడేళ్ళు జైలు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు చిన్నాయన్ని అడిగాను, లైసెన్సిస్తే నేనొచ్చి పందుల్ని కొడతాను, ఏమంటావని. పప్పుశనగ చేలో కాపలాకు పోతున్నాడు, చేతిలో టార్చిలైటు.

"నువ్వు ఆదివారం వొచ్చి బాణమేసి బస్సెక్కి పోతావు. దెబ్బ తిన్న పంది యాడికి పోతాది? నా చేన్లోనే పడతాది. ఫారెస్టోళ్ళొచ్చి నిన్నడుగుతారా, నన్నడుగుతారా?"

లైసెన్సుంటే ఎవరూ అడగరు చిన్నాయనా అన్నాను.

"అట్లయితే దెబ్బ తిన్నది సావకుండా తిరుగుతాంటాది గదా. రాత్రిపూట దానికెదురు పొయ్యేది ఎవురు?"

దానికి నాదగ్గర జవాబు లేదు, మిత్రుడి దగ్గరా లేదు. రైతు పేరు చెప్పుకుని మనం అడుగుతున్న సరదాకి ఖర్చు రైతుదే. ఆయనకు కావాల్సింది నష్టపరిహారం పంట కోతకు ముందే చేతికి రావడం, చేను చుట్టూ గట్టి కంచెకు సాయం, ఒక పూట నిద్ర. వీటిలో ఒక్కదానికీ విలుకాడు అక్కర్లేదు. టెక్సాస్‌లో వాడి వేట వాడిష్టం, అక్కడి లెక్కలూ అక్కడి జింకలూ వేరు. దాన్ని మూటగట్టి గడివేములకు పార్శిల్ చేయొద్దని మాత్రమే నేను చెప్పేది.

నేను విల్లు మానలేదు. పోయిన ఆదివారం కూడా వెళ్ళాను. ఆరో బాణం మళ్ళీ గడ్డిలోకే పోయింది, ఈసారి నేనే వెతుక్కున్నాను.

నిన్న చిన్నాయన ఫోన్ చేశాడు. చేను చుట్టూ పాత చీరలు కడుతున్నాడట, రంగు చూసి పందులు కొంచెం జంకుతాయని. ఇంట్లో ఇంకేమైనా ఉంటే పంపమన్నాడు. మా ఆవిడ అల్మరాలోంచి నాలుగు తీసి పక్కన పెట్టింది, ఒకటి మళ్ళీ లోపల పెట్టేసుకుంది.