పిల్లాడు ఒక్కడే రైలెక్కితే...

పోయిన దసరా సెలవులకు మా చెల్లెలు హైదరాబాదు నుంచి ఇడుపులపాయకు వచ్చింది. మాటల్లో మాటగా, "వీడిప్పుడు బడికి ఒక్కడే పోతాండాడక్కా, ఎంఎంటీఎస్ రైల్లో" అంది. చాటలో కందిబేడలు ఏరుతున్న మా అత్తమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పన్నెండేండ్ల పిల్లోన్ని ఒక్కన్నే రైలెక్కిస్తాండారా? ఏం మనుషులమ్మా మీరు!"

నాకు నవ్వాగలేదు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి రోజూ బస్సులో వేంపల్లెకు పోయి వస్తుంది. కిక్కిరిసిన బస్సు, ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళు... ఇవేవీ మా అత్తమ్మను భయపెట్టవు. రోజూ చూసేవి కదా! చూడని రైలంటేనే దడ.

అయితే ఆమె భయం ఉత్తదేమీ కాదు. చెల్లెలే చెప్పింది. ఒకరోజు వాడు చందానగర్‌లో ఎక్కి, కిటికీ పక్కన కునుకు తీసి, దిగాల్సిన బేగంపేట దాటిపోయాడట. కళ్ళు తెరిచేసరికి జేమ్స్ స్ట్రీట్! ప్లాట్‌ఫారం మీద బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. పూలబుట్టతో పోతున్న ఒకామె ఆగి, ఎవరి పిల్లాడివని అడిగింది. అదృష్టం, అమ్మ ఫోన్ నంబరు వాడికి నోటికి వచ్చు. ఆమె తన ఫోన్లోంచి కలిపి, చెల్లెలు వచ్చేదాకా వాణ్ని పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆ పొద్దు ఆమెకు ఎంత బేరం పోయిందో!

వాణ్ని కాపాడింది ఫోనంటారా? నా మటుకు నాకు, ఆగి అడిగిన ఆ మనిషి.

నగరాల్లో రైళ్ళు పిల్లలకు క్షేమమేనా అంటే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. హైదరాబాదులో 2003 నుంచి ఎంఎంటీఎస్, 2017 నవంబరు నుంచి మెట్రో నడుస్తున్నాయి. మెట్రోలో తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. ఎంఎంటీఎస్‌లో తలుపులు తెరిచే ఉంటాయి. కదిలే రైలెక్కడం, తలుపు దగ్గర వేలాడడం, వంతెనెక్కే ఓపిక లేక పట్టాలు దాటడం... ప్రమాదమంతా అక్కడే ఉంది. 2025 జూన్ 9న ముంబయి దగ్గర ముంబ్రాలో, కిక్కిరిసిన లోకల్ రైళ్ళ తలుపుల దగ్గర నిలబడ్డవాళ్ళు జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. పెద్దలకే పట్టు దొరకని చోట పిల్లల సంగతి చెప్పాలా?

"అందుకే బడి బస్సు మేలు" అంటారేమో. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొట్టింది. పదిమందికి పైగా పసివాళ్ళు పోయారు. వాళ్ళు ఒంటరిగా పోలేదు, పెద్దవాళ్ళు నడిపే బస్సులోనే ఉన్నారు! బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అలాంటి గేట్లన్నీ 2019 నాటికి తీసేశారు. పెద్దలు పూనుకుంటే అయ్యే పనే అన్నమాట. ముందే అయి ఉంటే ఎంత బాగుండేది!

ఇక మనుషుల వల్ల భయం. 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ వేల మంది పిల్లలతో మాట్లాడించి ఒక అధ్యయనం ప్రకటించింది. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఇందులో మగపిల్లలు కూడా తక్కువేమీ లేరు. ఆ పాడుపని చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళేనట! 2012లో వచ్చిన పోక్సో చట్టం ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకటే. అలాంటప్పుడు గడప దాటనివ్వకపోతే క్షేమం అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడం కాదూ?

నా అసలు బాధ వేరే ఉంది. మాకు తెలిసిన ఒక ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల, బస్సులో ఒకడు వెకిలిగా ప్రవర్తిస్తున్నాడని తల్లికి చెప్పుకుంది. మరుసటి వారం నుంచి ఆ పిల్ల బడి మానేసింది. కాదు, మాన్పించారు. వాడు మాత్రం అదే బస్సులో తిరుగుతున్నాడు! అది చూసిన పిల్లలు ఇక నోరు విప్పుతారా? చెబితే చదువు పోతుందని కడుపులోనే దాచుకోరూ? పెద్దల భయానికి మూల్యం చెల్లించేది ఎప్పుడూ ఆడపిల్లేనా?

జపాన్‌లో చిన్న చిన్న పిల్లలు కూడా పెద్దవాళ్ళు తోడు లేకుండా బడికి పోతారు. నగరాల్లో అయితే రైళ్ళలోనూ పోతారు. మొదటి తరగతి పిల్లలకు చాలాచోట్ల పసుపుపచ్చ టోపీ పెడతారు, దూరం నుంచే అందరికీ కనబడాలని. ఆపద వస్తే ఇక్కడికి పరుగెత్తి రావచ్చు అని ఇళ్ళకూ దుకాణాలకూ గుర్తులు అంటించి ఉంటాయి. అంటే ఆ పిల్లలు ఒంటరిగా పోతున్నట్టా? వీధి వీధంతా వాళ్ళతో నడుస్తున్నట్టే కదా!

మనకు చేతకాని పనా ఇది? మా ఊళ్ళోనే 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీ ఉంది. పది పాసైన పల్లెటూరి పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మొదటిసారి తల్లిదండ్రులు పెట్టెలు మోసుకొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ వెళతారు. కొన్నాళ్ళకు ఆ పిల్లలే బస్సులూ రైళ్ళూ మారి ఇళ్ళకు పోయి వస్తారు. ఆ ధైర్యం పదహారో ఏట ఉన్నట్టుండి ఊడిపడుతుందా? అంతకుముందే కొంచెం కొంచెంగా అలవాటు చేయొద్దూ?

పదేళ్ళు నిండని పిల్లల్ని ఒంటరిగా పంపొద్దనే నేనూ అంటాను. ఆ తర్వాత కూడా నాలుగు వారాలు వెంట తిరగాలి. ఆ పైన రెండు వారాలు పక్క పెట్టెలో కూర్చుని చూడాలి. నంబరు నోటికి రావాలి, ఫోన్ పోయినా నోరు పోదు కదా! రైల్వే వాళ్ళ 139, పిల్లల కోసం ఉన్న 1098 కూడా నేర్పాలి. అన్నిటికన్నా ముందు, "ఏం జరిగినా చెప్పు, నిన్ను బడి మాన్పించను" అని మాటివ్వాలి.

రైల్లోనో బస్సులోనో ఒంటరి పిల్ల కనబడితే మనమూ ఒక్క నిమిషం ఆగుదాం. "ఎక్కడ దిగాలమ్మా?" అని అడగడానికి ఖర్చేముంది?

చెల్లెలు ఊరికి పోయి బడి తెరిచిన రోజు, పొద్దున తొమ్మిదింటికే మా అత్తమ్మ వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏమ్మే, పిల్లోడు బడికి చేరినాడంటనా? ఒకసారి ఫోన్ చేసి కనుక్కో!"